సుగ్గికి పోయిన ఇంట్లో పదో తరగతి పిల్లలు

కర్నూలు జిల్లా పడమటి పల్లెలు, ముఖ్యంగా కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, పోయి గుంటూరు మిరప కోతల్లో ఉండే నెలల్లోనే, మార్చిలో, పదో తరగతి పబ్లిక్ పరీక్షలు పడతాయి. చదువు దెబ్బతింటుందని అందరూ అంటారు. అవ్వాతాతల దగ్గర మిగిలిన ఆ పిల్లల దిగులు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

అమ్మానాన్నలు దూరమైనందుకే కాదు, ఎప్పుడొస్తారో ఎప్పుడు ఫోన్ చేస్తారో తెలియనందుకు కూడా పిల్లలు నలుగుతారు. కాబట్టి బండెక్కే ముందే తిరిగొచ్చే నెల, ఫోన్ చేసే రోజులు, వేళ చెప్పాలి. ఊళ్లో ఆపదకు ఎవరి గడప తొక్కాలో కూడా చెప్పాలి. ఇక ఆ ఫోన్లో అడిగేవి: తిన్నావా, బడికి పోయినావా, తమ్ముడు సతాయిస్తున్నాడా? అన్నిటికీ "ఊ" చాలు. "ఈ రోజు ఎవరి పక్కన కూర్చున్నావు?" అంటే పేరు చెప్పక తప్పదు. రోజూ వినే పేరు వారంగా వినిపించలేదంటే మెల్లగా ఆరా తీయాలి. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారన్నది పెద్దలకు చిన్న మాట. తోటివాళ్ల మెప్పే ఊపిరిగా ఉండే ఆ వయసులో అది నిజమైన గాయం. "వదిలెయ్" అంటే మళ్లీ చెప్పరు.

అవ్వకు చెప్పుకోలేనిది స్నేహితురాలికి చెప్పుకోవడం మేలే. కానీ ఇద్దరూ రోజూ అదే బాధను తవ్వుకుంటూ కూర్చుంటే స్నేహంతో పాటు దిగులూ ముదురుతుంది. ఆడపిల్లల్లో ఇది ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కలిసి ఆడటం, కలిసి లెక్కలు చేయడం ఆ చుట్టును తెంపుతాయి. వంట, నీళ్లు, తమ్ముళ్ల బరువు మోసే పెద్దపిల్లకు ఆ గంట కూడా దొరకదు. టీచర్లు ముందు చూడాల్సింది ఆమెనే.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నట్టు తేలింది. మగపిల్లల్లో దిగులు చాలాసార్లు చిరాకుగా, కొట్లాటగా బయటపడుతుంది, పెద్దలు దాన్ని పొగరనుకుని కొడతారు. నిద్ర, తిండి, ఆట మీద ఆసక్తి రెండు వారాలు తగ్గితే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చు, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. సుగ్గికి బయల్దేరే రోజే, మిగిలిన పురుగుమందు ఇంట్లో ఉంచకుండా వేరేచోట తాళం వేయించి, తాళంచెవి పెద్దవాళ్లకివ్వాలి.