రంగా గారంటే రికార్డు ఒక్కటేనా?
రైతు నాయకుడు ఆచార్య ఎన్‌.జి. రంగా గారి మీద నేను చదివిన ఒక వ్యాసం ఆయన ఎన్నేళ్లు ఎంపీగా ఉన్నారన్న లెక్క దగ్గరే ఆగిపోయింది. నాకు మాత్రం 1959 ముఖ్యం. నాగపూర్‌ కాంగ్రెస్‌ మహాసభ ఉమ్మడి సహకార సేద్యానికి (రైతులు భూములు కలిపి సాగు చేయడానికి) తీర్మానం చేస్తే, రైతు చేతిలోంచి భూమి జారిపోతుందని ఆయన కాంగ్రెస్‌ పార్టీనే వదిలేసి, ఆ ఏడాదే కొత్తగా పుట్టిన ‘స్వతంత్ర పార్టీ’కి తొలి అధ్యక్షుడయ్యారు. నెహ్రూ మాటకు తిరుగులేని రోజుల్లో అది మామూలు తెగింపు కాదు! ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొచ్చినా ఈ నిడుబ్రోలు రైతుబిడ్డకు పొలం పోతుందన్న టెన్షన్‌ ఎలా ఉంటుందో తెలుసు. 1967లో శ్రీకాకుళం నుంచి ఆ పార్టీ తరఫునే గెలిచారు. తర్వాత మళ్లీ కాంగ్రెస్‌లోకి వెళ్లడం నాకు నచ్చలేదు. భూమి లేని కూలీలకు స్వతంత్ర పార్టీ ఏం ఇవ్వగలిగేదో కూడా వ్యాసంలో చర్చించాల్సింది.