పక్క తడిపే పిల్లవాడిపై నేరస్థుడన్న ముద్ర

ఘోరమైన హత్య ఏదైనా బయటపడగానే నిందితుడి బాల్యాన్ని తవ్వడం, చిన్నప్పుడు కుక్కపిల్లను రాళ్లతో కొట్టాడనో గడ్డివాముకు నిప్పు పెట్టాడనో ఎవరో ఒకరు గుర్తు చేసుకోవడం మామూలైపోయింది. ఈ తరహా ఆలోచనకు శాస్త్రీయ రూపం ఇచ్చింది అమెరికాలోని డెన్వర్‌లో పనిచేసిన మానసిక వైద్యుడు జాన్ మెక్‌డొనాల్డ్. చంపుతామని బెదిరించిన 100 మంది రోగులను పరిశీలించి 1963లో ఆయన రాసిన వ్యాసం వల్లే జంతుహింస, నిప్పు పెట్టడం, ఊహ తెలిశాక కూడా పక్క తడపడం అనే మూడు లక్షణాలు ఒక జట్టుగా ప్రచారంలోకి వచ్చాయి. అయితే వారు బెదిరించినవారే తప్ప అందరూ హంతకులు కారు. పైగా అది వైద్యుడి పరిశీలనే గానీ, పిల్లలను పెద్దయ్యేదాకా గమనించి తేల్చిన సంగతి కాదు.

నేరస్థుడి నుంచి వెనక్కి చూస్తే సంకేతాలు కనిపించి తీరతాయి. పిల్లల నుంచి ముందుకు చూసినప్పుడే అసలు లెక్క తేలుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బాలల మానసిక వైద్యశాలకు వచ్చిన 524 మందిని దాదాపు 30 ఏళ్ల తర్వాత వెతికి పట్టుకున్న పరిశోధకురాలు లీ రాబిన్స్ 1966లో ప్రచురించిన పుస్తకంలో ఆ పని చేశారు. సంఘవ్యతిరేక స్వభావం స్థిరపడిన పెద్దల్లో దాదాపు అందరికీ బాల్యంలోనే ఆ ధోరణి ఉంది. కానీ అలాంటి ధోరణి ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక అలా మారలేదు.

మూడింటిలో పక్క తడపడాన్ని నిస్సంకోచంగా తీసేయవచ్చు. అయిదేళ్ల పిల్లల్లో సుమారు 15 శాతం మందికి ఉండే ఈ ఇబ్బంది చాలావరకు వంశపారంపర్యం, వయసుతో తగ్గేదే. తడిసిన దుప్పటిని దండెం మీద వేస్తూ పక్కింటివాళ్లకు వినిపించేలా తిట్టే ఇంట్లో, దిద్దాల్సింది ఆ తిట్టే పద్ధతినే.

జంతుహింస మాత్రం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. అమెరికాలో ఎఫ్‌బీఐ 2016 నుంచి దాన్ని ప్రత్యేక నేరంగా నమోదు చేస్తోంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే. అయినా జంతువును హింసించిన పిల్లవాడిని రేపటి హంతకుడిగా చూడటం కన్నా, ఆ దెబ్బలు కొట్టడం ఎక్కడ నేర్చుకున్నాడని అడగడం ఉపయోగకరం. బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురైన 908 మందిపై అమెరికా పరిశోధకురాలు క్యాథీ విడమ్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో హింసాత్మక నేరాల్లో అరెస్టయినవారు సుమారు 11 శాతం, పోలిక కోసం ఎంచుకున్న మిగతా పిల్లల్లో 8 శాతం. తేడా నిజమే, కానీ హింసకో నిర్లక్ష్యానికో గురైన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆ దారి పట్టలేదు. కాబట్టి కుక్కపిల్ల మెడకు తాడు బిగించిన కుర్రవాడు కంటబడితే ఉపాధ్యాయుడు టీసీ చేతికివ్వకుండా, ఇంట్లో ఎవరు ఎవరిని కొడుతున్నారో వాకబు చేయాలి. అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి.