పాట అమ్ముకోండి, కానీ పాట ఉండాలి కదా!

నెల్లూరు నుంచి ఒంగోలు బస్సు ఎక్కా. ముందు సీటాయన ఫోన్లో పాటలు, ఇయర్‌ఫోన్స్ లేకుండా. కావలి దాటేసరికి పది పాటలు అయ్యాయి. ఏది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలిస్తే ఒట్టు! అదే బీటు, అదే అరుపు, అదే మిషన్ గొంతు.

డబ్బు కోసం పాట చేస్తే తప్పేంటి అంటారా? నేను తప్పనను. మా నెల్లూరు బాలుగారు పాడిన వేల పాటలు సినిమా వ్యాపారం కోసం కట్టినవే కదా? అయినా అందులో మనిషి ఊపిరి వినపడేది, నవ్వు వినపడేది. ఇప్పుడు ఆ ఊపిరినే కత్తిరించేస్తున్నారు. 1997లో ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది శ్రుతి దిద్దడానికి. గొంతు మొత్తం ఇస్త్రీ చేయమని ఎవరు చెప్పారు?

పాటల యాప్ స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే లెక్క. ఇంకేం, ఆ 30 సెకన్లలోనే వినేవాణ్ణి పట్టేయాలని ఆలాపన పోయింది, రెండో చరణం పోయింది. రీల్‌కి పనికొచ్చే ముక్క ఒక్కటి మిగిలింది. అది పాటా, ప్రకటనా?

పోయిన నెల కోవూరులో పెళ్లి. నాదస్వరం ఆయన మోహన రాగం అందుకున్నాడు, మెడ నరాలు ఉబ్బి, కళ్ళు మూసుకుని. డీజే కుర్రాడు వచ్చి భుజం తట్టాడు. "ఆపు పెద్దాయనా, రీల్ తీయాలి." ఆయన మారుమాట్లాడలేదు. తుండుతో నాదస్వరం పీక తుడుచుకుని, స్తంభం పక్కన కూర్చున్నాడు. నాకు అన్నం దిగలేదు.