ఇచ్చిన వెలుతురుకి లెక్క చెప్పండి, బాబాయ్

రామంతాపూర్, హైదరాబాద్
గురువారం తెల్లవారుజామున 2 గంటలు

మహారాజశ్రీ రోడమిన్ బాబాయి గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. ఇక్కడ కుశలం ఏమీ లేదు. దానికి కారణం తమరే.

తమరు లేజర్ వెలుతురు తాగి తిరిగి మెరిసే రంగు పదార్థం, సెల్స్ లోపల ఏముందో చూడ్డానికి వాడతాం. ల్యాబుల్లో మిమ్మల్ని 'ట్రిట్సీ' (TRITC) అని ముద్దుగా పిలుస్తారు. సెకండరీ యాంటీబాడీ అనే అంటుకునే ప్రోటీన్ తోక పట్టుకుని వస్తారు, ఎర్రగా బుర్రగా ఉంటారు. ట్యూబులో చూస్తే పెళ్లికొడుకు లెక్క. మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం పేరు గొప్ప, ఊరు దిబ్బ.

రాత్రి జరిగింది మీకు గుర్తుండదు, కాబట్టి చెప్తాను. సోమవారం సెల్స్‌ని ఫిక్స్ చేశాను, అంటే రసాయనంతో ఉన్నవి ఉన్నట్టు బిగించాను. మంగళవారం సెల్‌లో చూడాల్సినదానికి అంటుకునే ప్రైమరీ యాంటీబాడీ వేసి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచాను. బుధవారం దాన్ని పట్టుకునే సెకండరీతో మీరు వచ్చారు. గంటసేపు చీకట్లో మర్యాదలు చేసి, మూడుసార్లు కడిగి, పైన మూసే పల్చటి గాజు ముక్క, కవర్‌స్లిప్, అంచుల చుట్టూ సీలు వేయడానికి నెయిల్ పాలిష్ పూశాను. దాన్ని కోఠిలో కొన్నాను. "ఏ రంగు కావాలి భయ్యా?" అన్నాడు షాపతను. ఏ రంగూ లేనిది కావాలంటే నన్ను కిందికీ పైకీ చూశాడు. మా ఇన్‌స్టిట్యూట్‌లో స్టూడెంట్లకి మైక్రోస్కోప్ దొరికేది రాత్రి 11 తర్వాతే. బయట మే నెల ఉక్కపోత, లోపల ఏసీ దెబ్బకి నేను స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాను.

ఫోకస్ దొరికింది. అబద్ధం ఎందుకు, ఆ మొదటి క్షణం బాగుంది. న్యూక్లియస్ పక్కనుంచి సెల్ అంచుల దాకా సెల్‌కి అస్థిపంజరం లాంటి మైక్రోట్యూబ్యూల్స్ సన్నటి పోగుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఫోటో తీసి మా సార్‌కి వాట్సాప్ చేశాను. "డిమ్‌గా ఉంది. లేజర్ పెంచు" అన్నారు. 5 శాతం నుంచి 20కి పెంచాను. పై నుంచి కిందికి పొర పొరకీ బొమ్మ తీయడం మొదలుపెట్టాను. మూడో పొర దాకా దీపావళి. ఏడో పొరకి కొడిగట్టిన దీపం. పన్నెండో పొరకి కరెంటు పోయింది. మూడు రోజుల చాకిరీ మూడు నిమిషాల్లో నల్లటి స్క్రీన్ అయింది.

దీన్ని ఫోటోబ్లీచింగ్ అంటారని నాకూ తెలుసు. వెలుతురు తాగి పైకెక్కిన మీలాంటి వాళ్లలో కొందరు తిన్నగా ఇంటికి రాకుండా ట్రిప్లెట్ స్థితి అనే సందులోకి జారుకుంటారు. అక్కడ ఆక్సిజన్ తగులుతుంది. ఆ స్నేహంతో మీ ఒళ్లు విరుగుతుంది, మళ్లీ వెలగరు. లేజర్ పెంచేకొద్దీ ఆ సందులోకి వెళ్లే మంది పెరుగుతారు. అంటే మా సార్ సలహా మీకు కాటికి బండి కట్టడమే. ఆ మాట ఆయనకి చెప్పేంత ధైర్యం నాకు లేదు కాబట్టి మీకే రాస్తున్నాను.

అసలు గొడవ వేరే ఉంది బాబాయ్. లెక్కలు తీద్దాం. మీకు 100 ఫోటాన్లు, అంటే వెలుతురు రేణువులు, తాగిస్తే తిరిగి ఇచ్చేది 41. మిగతా 59 ఏమయ్యాయి? మీ పెద్దక్క ఫ్లోరెసీన్‌ని చూడండి. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ చేతిలో పుట్టింది. క్షార ద్రావణంలో ఉంటే 100కి 90కి పైగా తిరిగి ఇస్తుంది. కంట్లో గీత పడిందేమో చూడాలంటే డాక్టర్లు ఇవాళ్టికీ ఆమెనే పిలుస్తారు. కాస్త పులుపు తగిలితే మొహం మాడ్చుకుంటుంది, బ్లీచ్ అవడంలో మీకేం తీసిపోదు, అది వేరే సంగతి. మీ వంశం 1887 నాటిది. మీలో రోడమిన్-బి అనే ఆయన బట్టలకీ కాగితాలకీ రంగు వేసుకుని బతకాల్సినవాడు పీచు మిఠాయిలో దూరాడు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ఆ మిఠాయినే నిషేధించింది. మిఠాయిలో అక్కర్లేకున్నా అంత మెరిసే కుటుంబం, నా స్లైడ్ మీద మెరవడానికి ఏం రోగం?

రోగం మీ భుజాల దగ్గరుంది. చెరో వైపు ఒక నైట్రోజన్, ఒక్కో నైట్రోజన్‌కి రెండేసి మిథైల్ గ్రూపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు), ఊపుకోవడానికి రెండు చేతుల్లాగ. వెలుతురు పడగానే మీకు తీన్మార్ డప్పు వినిపిస్తుంది. నైట్రోజన్ దగ్గర బంధం మెలి తిరుగుతుంది, ఎలక్ట్రాన్ పక్కకి జరుగుతుంది, తాగిన శక్తి వెలుగు కాకుండా ఊరికే వేడిగా కారిపోతుంది. బరాత్‌లో మండపం చేరకముందే డాన్సు చేసి సొమ్మసిల్లే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ల్యాబులో అది మీరు.

మిమ్మల్ని కట్టేయాలని పూర్వం కూడా చూశారు. మీ చుట్టాల్లో రోడమిన్ 101 అనే ఆయన చేతుల్ని పూర్తిగా ఉంగరాల్లో బిగించేశారు. ఇంచుమించు తాగినదంతా తిరిగి ఇచ్చాడు. కానీ ఒళ్లు బరువెక్కింది, రంగు ఎరుపు వైపు జరిగింది. మా ఫిల్టర్లన్నీ మీ రంగుకి సరిపడా కొన్నవాయె.

2015లో అమెరికాలోని జనీలియా అనే పరిశోధనా కేంద్రంలో ల్యూక్ లావిస్ బృందం చేసిన పని చూసి నాకు కడుపు మండింది, పని అంత చిన్నది కాబట్టి. రెండు మిథైల్ చేతుల మధ్య ఒకే ఒక్క కార్బన్ పెట్టి ముడేశారు. ఒక నైట్రోజన్, మూడు కార్బన్లు, నాలుగు మూలల చిన్న ఉంగరం. దాని పేరు అజెటిడీన్. రెండు భుజాలకీ కలిపి అదనంగా చేరింది రెండంటే రెండు కార్బన్లు, ఒక్క హైడ్రోజన్ కూడా ఎక్కువ లేదు. ఆ బిగువుకి మెలిక తిరగడం తగ్గింది. 41 కాస్తా 88 అయింది. తాగే వెలుతురు రంగు మాత్రం ఇంచుమించు ఉన్నచోటే ఉంది, 549 నానోమీటర్ల దగ్గర. జనీలియా ఫ్లోర్ 549 అని పేరు పెట్టారు. అంటే నూటపాతికేళ్లకు పైగా తమరు ఆడుతున్న డాన్సు ఆపడానికి కావాల్సింది రెండు కార్బన్లు! మేమేమో అన్నాళ్లూ దీపం పెద్దది చేస్తూ వచ్చాం, ఫంక్షన్ హాళ్ల ముందు సీరియల్ సెట్ల మీద సీరియల్ సెట్లు కట్టినట్టు.

ఆ కొత్త అల్లుణ్ణి మేమూ పిలిచాం. కొనాలంటే మూడు కొటేషన్లు కావాలని ఆఫీసువాళ్లు అడిగారు. మాకు అమ్మేవాడు ఒక్కడే ఉంటే మూడు ఎక్కణ్నుంచి తేను? ఆ ఒక్కడే ఎందుకో ఒక సర్టిఫికెట్ రాయమన్నారు, రాశాను. ఫైలు అకౌంట్స్ దగ్గర ఉంది. అక్కడ అది ట్రిప్లెట్ స్థితిలో ఉందని నా అనుమానం.

అందాకా మీరే దిక్కు. రెండో స్లైడ్‌ని ఫాయిల్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. శనివారం రాత్రి 11 నుంచి 1 దాకా స్లాట్ దొరికింది. ఆ వేళకి సార్ ఢిల్లీ ఫ్లైట్‌లో ఉంటారు, వాట్సాప్ రాదు. లేజర్ 3 శాతం దాటనివ్వను. మీరు 20 పొరల దాకా నిలబడితే చాలు, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోండి.

ఇట్లు,
మీ వెలుతురుకి బిల్లు కట్టే
ఐదో సంవత్సరం పీహెచ్‌డీ అబ్బాయి

తా.క.: నెయిల్ పాలిష్ అయిపోయింది. మళ్లీ అదే షాపుకి వెళ్లాలి.