ఐరన్ 883కి స్పోర్ట్స్ బైక్ ఫోర్క్: రోగమొకటి, మందొకటి

హార్లే డేవిడ్‌సన్ ఐరన్ 883 బైక్ ఇప్పుడు కొత్తది దొరకదు, కావాలంటే సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. అలా కొన్నవాళ్ల ఫిర్యాదు తరచూ ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ గొట్టాల జత) మీదే ఉంటుంది. బ్రేక్ పట్టగానే ముక్కు కిందికి దిగిపోతుంది, స్పీడ్ బ్రేకర్ మీద ఫోర్క్ ధన్‌మని అడుగంటుతుంది. దీనికి గ్యారేజీల్లో బాగా వినిపిస్తున్న సలహా, ఏదో స్పోర్ట్స్ బైక్ నుంచి విప్పిన యూఎస్‌డీ (లావు గొట్టం పైన ఉండేలా తలకిందులుగా అమర్చిన) ఫోర్క్ తెచ్చి బిగించమని. చూపులకు అది ఘనంగానే ఉంటుంది. అసలు లోపాన్ని మాత్రం అది సరిచేయదు, పైగా కొత్తవి నాలుగు తెచ్చిపెడుతుంది.

ముందు లోపం ఎక్కడుందో చూడాలి. బండి బరువు సుమారు 256 కిలోలు. 2016 మోడల్‌లో ముందు ఫోర్క్ ప్రయాణం, అంటే పైకీ కిందికీ కదలగల దూరం, 92 మిల్లీమీటర్లు, వెనక 41 మాత్రమే. ఫోర్క్ ట్యూబ్ వ్యాసం 39 మిల్లీమీటర్లు. 2016కు ముందు వచ్చిన వాటిలో ఉన్నది డ్యాంపర్ రాడ్ పద్ధతి, అంటే ఆయిల్ కొన్ని స్థిరమైన రంధ్రాల గుండా దూరుతుంది. ఫోర్క్ మెల్లగా కదిలినప్పుడు ఆ రంధ్రాలు ఆయిల్‌ను దాదాపు ఆపవు, అందుకే బ్రేక్‌కు ముక్కు మునుగుతుంది. గుంత అంచు ఒక్కసారిగా తగిలితే అంత ఆయిల్ అంత వేగంగా పోలేక ఫోర్క్ కర్రలా బిగుసుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా మణికట్టుకు చేరుతుంది. దీనికి మెత్తటి స్ప్రింగ్ తోడైతే, ఉన్న 92 మిల్లీమీటర్లలో సగం మనిషి కూర్చోవడానికీ బ్రేక్ పట్టడానికే ఖర్చయిపోతుంది. ట్యూబ్ లావుకూ, అది తలకిందులుగా ఉందా లేదా అన్నదానికీ ఈ బాధతో సంబంధం లేదు.

ఇక మార్పిడి సంగతి. ఐరన్ స్టీరింగ్ వాలు, అంటే రేక్, 30 డిగ్రీలు. స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం, అంటే ట్రెయిల్, 117 మిల్లీమీటర్లు. చక్రం వ్యాసార్ధాన్ని రేక్ కోణం సైన్‌తో గుణించి, అందులోంచి ఆఫ్‌సెట్ (స్టీరింగ్ ఇరుసు గీతకు చక్రం ఇరుసు ఎంత ముందుందో ఆ దూరం) తీసేసి, మిగిలినదాన్ని కోసైన్‌తో భాగిస్తే ట్రెయిల్ వస్తుంది. 100/90-19 టైరుకు వ్యాసార్ధం దాదాపు 331. వెనక్కి లెక్కిస్తే ఫ్యాక్టరీ ఆఫ్‌సెట్ 64 దగ్గర తేలుతుంది. స్పోర్ట్స్ బైక్ ట్రిపుల్ క్లాంప్‌లో (ఫోర్క్ గొట్టాలను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే భాగం, మెకానిక్‌లు టీ అనేది దీన్నే) ఈ ఆఫ్‌సెట్ సాధారణంగా 25 నుంచి 35 మధ్య ఉంటుంది, ఎందుకంటే ఆ బైకుల రేక్ 24 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. 30 ఆఫ్‌సెట్ ఉన్న టీని ఇదే 19 అంగుళాల చక్రంతో ఐరన్‌కు తగిలిస్తే ట్రెయిల్ 157కి ఎగబాకుతుంది. హైవే మీద నిటారుగా పోతుంది గానీ, అమీర్‌పేట ట్రాఫిక్‌లో యూటర్న్ తీసుకోబోతే హ్యాండిల్ దానంతటదే పక్కకు పడిపోతుంది.

స్పోర్ట్స్ బైక్ 17 అంగుళాల చక్రం కూడా పెడితేనో? వ్యాసార్ధం 300కు తగ్గి ట్రెయిల్ 139 అవుతుంది. చిన్న చక్రం, పొట్టి ఫోర్క్ కలిసి ముందు భాగాన్ని 50 మిల్లీమీటర్లు దించాయనుకుంటే, 1,515 వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) మీద రేక్ సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది, ట్రెయిల్ 125 అవుతుంది. కాగితం మీద లెక్క కుదిరినట్టే. అయితే అసలే నేలకు దగ్గరగా ఉన్న బండి మరింత దిగిపోయింది. మన స్పీడ్ బ్రేకర్లకు ఇప్పుడు ఫోర్క్ అడుగంటడంతో పాటు బండి అడుగు కూడా రాసుకుంటుంది. ఏ ఇబ్బంది తీరడానికి డబ్బు పెట్టామో అదే పెరిగింది.

బిగింపు దగ్గరా చిక్కులే. హార్లే స్టెమ్ (టీని ఫ్రేమ్‌లో తిరగనిచ్చే కడ్డీ) ఒక అంగుళం, కోన్ బేరింగ్‌లు టేపర్ రోలర్లు. జపాన్ బైకుల టీల స్టెమ్ కొలత, పొడవు రెండూ వేరు. పాత స్టెమ్‌ను ప్రెస్‌తో తీసి, ఈఎన్-24 లాంటి అల్లాయ్ స్టీల్‌తో కొత్తది లేత్ మీద చేయించి, బిగువుగా ప్రెస్ చేయించాలి. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఇది చేయగల చేతులున్నాయి. స్టెమ్‌ను కోసి వెల్డింగ్‌తో అతికించే పనికి మాత్రం ఎవరూ ఒప్పుకోకూడదు. వేడికి బలం పోయిన ఆ అతుకు మీదే బ్రేకింగ్ భారమంతా పడుతుంది. స్టీరింగ్ స్టాపర్లు ఫ్రేమ్‌కు తగలకపోతే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఫోర్క్ పోయి ట్యాంక్‌ను నొక్కుతుంది. ఒక బ్రేక్ క్యాలిపర్ ఉన్నచోట రెండొస్తాయి కాబట్టి బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలి, లేకుంటే లివర్ గ్రిప్ దాకా వచ్చేస్తుంది. ఎబిఎస్ ఉన్న మోడళ్లలో వేగాన్ని చదివే ఎన్‌కోడర్ ముందు చక్రం బేరింగ్‌లోనే ఉంటుంది. ఆ చక్రం తీసేస్తే ఎబిఎస్ పోయినట్టే. 

డబ్బు పెట్టాల్సింది ఫోర్క్ లోపల. 2016కు ముందరి బండికి రైడర్ బరువుకు సరిపడే కొత్త స్ప్రింగ్‌లు, ఒక జత కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్లు (డ్యాంపర్ రాడ్ పైన కూర్చుని ఆయిల్ పోకను అదుపు చేసే వాల్వ్‌లు), ఆయిల్ సీళ్లు, బుష్‌లు, అడుగు బోల్టు రాగి వాషర్లు ఉంటే చాలు. పని వరుస ముఖ్యం. ఫ్రేమ్ కింద జాక్ పెట్టి, చక్రం తీసే ముందే పై క్లాంప్ బోల్టు వదులు చేసి, కింది క్లాంప్ ఇంకా పట్టి ఉండగానే ఫోర్క్ క్యాప్‌ను ఒక్క చుట్టు కదిలించాలి. క్యాలిపర్‌ను తీగతో వేలాడదీయాలి, హోస్ మీద బరువు పడకూడదు. ఫోర్క్ కాలు (ఒక వైపు గొట్టం) బయటికొచ్చాక అడుగునున్న అలెన్ బోల్టును ముందే వదులు చేయాలి. స్ప్రింగ్ ఒత్తిడి లేకపోతే డ్యాంపర్ రాడ్ కూడా బోల్టుతో పాటే తిరిగి గంటలు తినేస్తుంది. తర్వాతే క్యాప్, ముఖం పక్కకు పెట్టుకుని, నిదానంగా.

ట్యూబ్‌ను మందపాటి గాజు మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. సీల్ తిరిగే చోట క్రోమ్ మీద తుప్పు గుంటలుంటే కొత్త సీల్ కూడా కొద్ది రోజులకే కారుతుంది. సీల్ మార్చినా మళ్లీ మళ్లీ కారే ఫోర్క్‌లలో ముందు అనుమానించాల్సింది సీల్ కంపెనీని కాదు, ట్యూబ్‌ను. ఎమ్యులేటర్ పని చేయాలంటే డ్యాంపర్ రాడ్ కంప్రెషన్ రంధ్రాలను 8 మిల్లీమీటర్లకు పెంచి మొత్తం ఆరు ఉండేలా డ్రిల్ చేసి, అంచుల గరుకు పూర్తిగా తీసేయాలి. ఎమ్యులేటర్ ఎత్తు మేరకు స్పేసర్‌ను (స్ప్రింగ్‌ను నొక్కి ఉంచే గొట్టం ముక్క) కోయాలి. మర్చిపోతే ప్రీలోడ్ (స్ప్రింగ్ మీది ముందస్తు ఒత్తిడి) విపరీతంగా పెరిగి, మంచి స్ప్రింగ్ కూడా రాయిలా అనిపిస్తుంది.

ఆయిల్‌ను మిల్లీలీటర్లలో పోసి వదిలేయడం చాలాచోట్ల జరుగుతున్న తప్పు. స్ప్రింగ్ లేకుండా, ట్యూబ్ పూర్తిగా కిందికి దించి, గాలి బుడగలు పోయేదాకా పంప్ చేసి, పై అంచు నుంచి ఆయిల్ మట్టం దాకా ఉన్న గాలి జాగాను కొలవాలి. రెండు కాళ్లలోనూ ఆ కొలత ఒకటే ఉండాలి. గాలి జాగా 10 మిల్లీమీటర్లు తగ్గిస్తే ప్రయాణం చివర్లో గట్టిదనం పెరుగుతుంది, స్పీడ్ బ్రేకర్ దెబ్బకు ఇదే చౌకైన మందు. డబ్బా మీది 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అంకెలు ఒక కంపెనీకీ మరొక కంపెనీకీ పొంతన ఉండవు. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (ఆయిల్ చిక్కదనం కొలత) విలువ చూసి కొనాలి. చివరగా రైడర్ కూర్చున్నప్పుడు ఫోర్క్ 25 నుంచి 30 మిల్లీమీటర్లు దిగేలా స్పేసర్ సరిచేయాలి.

ఇంతా చేసి ఇంకా ప్రయాణం కావాలనుకుంటే అప్పుడు మార్పిడి ఆలోచించవచ్చు, అదీ 39 మిల్లీమీటర్ల స్పోర్ట్‌స్టర్ కుటుంబంలోనే. ఎత్తైన మోడల్ నుంచి ట్యూబ్ ఒక్కటే కాదు, స్ప్రింగ్, డ్యాంపర్ రాడ్, కింది స్లైడర్‌తో సహా మొత్తం కాళ్లు తీసుకోవాలి. 2008 నుంచి ముందు యాక్సిల్ 25 మిల్లీమీటర్లు, అంతకు ముందు ముప్పావు అంగుళం. విదేశాల నుంచి తెప్పించే పాత కాళ్లు ఇక్కడి బండికి పట్టవు. 2014లో బ్రేకులు మారాయి గనక క్యాలిపర్ చెవులు (అది బిగించే చోట్లు) కూడా సరిచూసుకోవాలి. ముందు 25 మిల్లీమీటర్లు లేస్తే రేక్ సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది, అందుకే వెనక కూడా పొడవాటి షాక్‌లతో అంతే లేపాలి. బ్రేక్ హోస్ పొడవు చాలకపోతే మార్చాలి.

చట్టం కూడా ఈ వైపే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తోంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫోర్క్ లోపలి స్ప్రింగ్, వాల్వ్ మార్పు ఆర్‌సీలోని ఏ వివరాన్నీ తాకదు.

తిరిగి బిగించేటప్పుడు ముందు యాక్సిల్ నట్ టార్క్ చేసి, చక్రం నేల మీద ఉండగా ఫోర్క్‌ను నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి, ఆ తర్వాతే యాక్సిల్ పించ్ బోల్టు (యాక్సిల్‌ను ఫోర్క్ కాలిలో అదిమి పట్టేది) బిగించాలి. ఈ వరుస తప్పితే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాగుతూ ఇరుక్కుంటాయి. కొత్త స్ప్రింగ్, కొత్త ఆయిల్ ఉన్నా ఫోర్క్ పాతదానికంటే గరుకుగా నడుస్తుంది.