దండోరా వేసినా కేసు పెడతారా?

పోలీసు కాగితాల్లో నిందితుల కులం రాయొద్దని అలహాబాద్ హైకోర్టు 2025 సెప్టెంబరు 16న తేల్చిచెప్పింది. అదే నెల 21న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వులిస్తూ, పనిలో పనిగా కుల ర్యాలీలనూ నిషేధించింది. మొదటిది ఎప్పుడో జరగాల్సింది. రెండోదే భయపెడుతోంది.

మన ఠాణాల సంగతి తెలిసిందే. పేరు, తండ్రి పేరు, వయసు చెప్పగానే రైటర్ తలెత్తకుండా అడిగే మాట: 'కులం?' బైకు పోయిందని వచ్చినవాడి కులంతో పనేమిటి? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో అది రాయక తప్పదు, ఉత్తర్వులోనూ ఆ మినహాయింపు ఉంది. మిగతా చోట్ల అనవసరం.

కుల సభలు కొట్లాటలకు దారితీస్తున్నాయన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఏ కులం, ఏ సభ? కారు అద్దం మీద కులం పేరు రాసుకుని ఊరేగేవాడూ, కులం పేరుతో తన్నులు తిని రోడ్డెక్కినవాడూ ఒకటేనా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతల తర్వాత దళితులు పెట్టుకున్న సభలు కుల సభలు కావా? 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, అంటే ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా వర్గీకరించాలన్న ఉద్యమం సంగతేమిటి? జనం తిట్టుగా వాడిన పేరునే తమ పేరు చివర తగిలించుకుని వాళ్లు ముప్పై ఏళ్లు వీధుల్లో నిలబడ్డారు. వర్గీకరణ అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అది అమలవుతోంది. లక్నో ఉత్తర్వు లాంటిది అప్పుడే ఇక్కడుంటే దండోరా ఈదుముడి పొలిమేర దాటేది కాదు.

ఒక రాష్ట్రం చేసి చూపిస్తే పక్క రాష్ట్రాలకు అదే దారి అవుతుంది. రేపు ఏ కలెక్టరో, ఏ ఎస్పీయో దళిత సభకు అనుమతి నిరాకరించడానికి 'కుల ర్యాలీ' అన్న ఒక్క మాట చాలు. టికెట్లు పంచేటప్పుడు నియోజకవర్గంలో ఎవరి ఓట్లెన్నో వేళ్ల మీద లెక్కపెట్టే పార్టీలకు, కులం పేరెత్తొద్దని బాధితుడికి చెప్పే అర్హత ఎక్కడిది?

ఏపీ, తెలంగాణ ప్రభుత్వాలు ఠాణా కాగితాల్లోంచి నిందితుల కులాన్ని తీసేయాలి. కోర్టు మొట్టికాయలు పడేదాకా ఆగక్కర్లేదు. ఆ వంకతో సభల జోలికి మాత్రం రావద్దు. అంత ఉత్సాహంగా ఉంటే ముందు మీ పార్టీ నేతలు ముఖ్య అతిథులుగా వెళ్లే కుల వనభోజనాలు మానిపించండి.