బందరు రోడ్డువాళ్ళం బందరు వెళ్ళాం

పాతికేళ్ళుగా మేం బందరు రోడ్డువాళ్ళమే. విజయవాడ పటమటలో ఇల్లు, బందరు రోడ్డు మీద ఆఫీసు, పిల్లల డాక్టరూ అక్కడే, నా జీవితంలో మూడో వంతు ఇరుక్కుపోయిన ట్రాఫిక్కూ అక్కడే. బోర్డుల మీద మహాత్మాగాంధీ రోడ్డు అని ఉంటుంది గానీ, ఆ పేరు చెబితే ఆటో అబ్బాయి మనల్ని ఎగాదిగా చూస్తాడు. ఇంతా చేసి ఆ రోడ్డు చివర ఉన్న బందరుని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఉన్నది సుమారు 70 కిలోమీటర్లు.

ఈ సంగతి గుంటూరులో ఉండే మా బావమరిదికి తెలియడమే తప్పయింది. "సిగ్గుగా లేదా బావా?" అంటూ ఆదివారం తెల్లారేసరికి దిగిపోయాడు. వెంట మా మామగారిని కూడా తెచ్చాడు. ఆయన చరిత్ర లెక్చరరుగా రిటైరయ్యారు. కాలేజీ ఆయన్ని వదిలింది గానీ ఆయన పాఠాన్ని వదల్లేదు.

ప్లాను మా వాడిదే. కరకట్ట మీదుగా అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి. అక్కడ కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు, మడ అడవులు. మధ్యాహ్నానికి బందరు, సాయంత్రం లడ్డూలు, రాత్రికి ఇల్లు. కారు కొని నెల కూడా కాలేదు. సీట్ల మీద పాలిథిన్ కవర్లు అలాగే ఉన్నాయి. తీసేద్దామంటే మా అమ్మ ఒప్పుకోదు. "నీకేం తెలుసురా, ఉండనీ" అంటుంది. ఎండకు ఆ కవర్లు వీపుకి అతుక్కుని, కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తుంటే ఏడుగురం బయల్దేరాం.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి దండం పెట్టుకున్నాం. కోడూరు దాటాక పొలాలు పలచబడి ఉప్పు పర్రలు మొదలయ్యాయి. గాలికి ఉప్పు వాసన, రోడ్డు పక్కన కాలవల్లో నల్లటి నీళ్ళు, వాటి గట్టున మడ చెట్లు. హంసలదీవిలో వేణుగోపాలస్వామిని చూసి తిన్నగా సముద్రం వైపు పోతే ఈ వ్యాసం ఉండేది కాదు. మా బావమరిది కిటికీలోంచి చెయ్యి చాపి, "ఆపు బావా! అదిగో, చెట్లలోంచి దారి. టైర్ల జాడలు కనబడట్లా? జనానికి తెలియని దారి ఇది" అన్నాడు.

నిజంగానే రెండు జాడలు ఉన్నాయి, లోతుగా, స్పష్టంగా. ఇన్ని బళ్ళు వెళ్ళిన దారి మంచిదే అయ్యుంటుంది అనుకున్నాను. వంద గజాలు వెళ్ళామో లేదో, కారు మెల్లగా కూర్చుంది. పెద్ద చప్పుడేం లేదు. భోజనమయ్యాక పెద్దాయన పడక్కుర్చీలో కూర్చున్నట్టు, హాయిగా.

యాక్సిలరేటర్ తొక్కాను. చక్రాలు అక్కడే తిరిగి అద్దాలన్నిటికీ బురద పూశాయి. దిగి చూస్తే మడమ దాకా బురద. రెండో అడుక్కి మోకాలి దాకా. కాలు పైకి లాగితే కాలొక్కటే వచ్చింది, చెప్పు రాలేదు. చెయ్యి పెట్టి వెతికితే ఎండ్రకాయ ఒకటి నా వేలిని పరామర్శించింది. వెనక నుంచి తోద్దామని మా ఆవిడ దిగింది. తెల్ల చుడీదార్. నేను మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కడం, ఆవిడ అక్కడే నిలబడి ఉండడం ఒకేసారి జరిగాయి. "పెడన వెళ్ళి కలంకారీ కొంటానన్నావుగా అక్కా, ఇక అక్కర్లేదులే, అచ్చు పడిపోయింది" అన్నాడు మా వాడు. వాడితో ఆవిడ బందరు దాకా మాట్లాడలేదు. నాతో ఇంటి దాకా మాట్లాడలేదు.

మామగారు మాత్రం కారులోంచే పాఠం మొదలుపెట్టారు. బురద మీద మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లను పిల్లలకు చూపించి, "వీటిని శ్వాస వేర్లంటారు. ఈ బురద లోపల గాలి ఉండదు. అందుకే మడ చెట్టు వేర్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది" అన్నారు. ఊపిరాడక నిలబడ్డ నాకు ఆ చెట్ల మీద అసూయ కలిగింది. ఈ అడవిలో బావురు పిల్లులు ఉంటాయనీ, నీళ్ళలో దిగి చేపలు పడతాయనీ కూడా చెప్పారు. మా అమ్మకి పిల్లి అన్న మాట వినపడలేదో, నమ్మలేదో గానీ, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని తలుపు లాక్ చేసుకుంది.

ఇంతలో మా చిన్నాడు, "నాన్నా, నీళ్ళు దగ్గరకొచ్చాయి" అన్నాడు. ఇందాక పది గజాల దూరంలో ఉన్న పాయ ఇప్పుడు ముందు చక్రం పక్కన ఉంది. పోటు మొదలైంది. మామగారు కళ్ళజోడు సర్దుకుని, "1864లో బందరు మీదకి ఉప్పెన వచ్చినప్పుడు కూడా ముందు ఇలాగే..." అని ఎత్తుకున్నారు. ఒక్క రాత్రిలో సుమారు 30,000 మంది పోయారట. అక్కణ్ణుంచి 1977 నవంబరు 19 ఉప్పెనకి వచ్చారు. దివిసీమలో నిలబడి ఆ తేదీ తలిస్తే ఎవరికీ నవ్వు రాదు. మాకూ రాలేదు. ఆయనకి చెప్పాల్సిన సమయం మాత్రం తెలీదు.

మా వాడు పరుగెత్తుకెళ్ళి అరగంటకి ఒక ట్రాక్టరుని తీసుకొచ్చాడు. నడిపే పెద్దాయన దిగి, కారు చుట్టూ తిరిగి చూసి, "పదిహేనొందలండీ" అన్నాడు.

మా అమ్మ రైతు బజారు గొంతు బయటకి తీసింది. "ఎనిమిదొందలు చేసుకో నాయనా."

ఆయన నీళ్ళ వైపు చూశాడు. "పోటెక్కుతోందమ్మా. ఇప్పుడైతే పదిహేనొందలు. చక్రం మునిగితే రెండు వేలు. అద్దాల దాకా వచ్చాక మీరెంతిస్తే అంత."

బేరంలో మా అమ్మ ఓడిపోవడం నా జన్మలో అదే చూడ్డం. పులిహోర మాత్రం ఆయనకి పెట్టింది. తాడు కట్టి, రెండుసార్లు గుంజేసరికి కారు పెద్దగా చప్పరించి బయటపడింది.

డబ్బులిస్తూ, "అంత చక్కగా జాడలు ఉంటే దారే అనుకున్నామండీ" అన్నాను.

"అవి మా ట్రాక్టరువేనండీ. నిన్న సాయంత్రం ఒక తెల్ల కారు దిగబడితే లాగాం."

"ఆ కారు ఎందుకు వెళ్ళింది?"

"మొన్నటి జాడ చూసి."

నా బావమరిది చాలాసేపు సముద్రాన్ని చూస్తూ ఉండిపోయాడు.

బందరు చేరేసరికి నాలుగు దాటింది. నేను ఒంటి చెప్పుతో, మా ఆవిడ అచ్చులతో, డచ్చివారి సమాధుల దగ్గర దిగాం. 17వ శతాబ్దపు రాళ్ళు, వాటి మీద చెక్కిన అక్షరాలు. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారనీ, దేశంలో వాళ్ళ తొలి మకాముల్లో ఇదొకటనీ మామగారు చెబుతున్నారు. వాళ్ళు ఓడ దిగినప్పుడు కూడా నా కంటే శుభ్రంగానే ఉండి ఉంటారు.

లడ్డూల దుకాణంలో కుర్రాడు నా కాళ్ళ వంక చూసి, "హంసలదీవి నుంచా సార్?" అన్నాడు. తొక్కుడు లడ్డు అని ఎందుకంటారని మా చిన్నాడు అడిగితే, శనగపిండితో పూస వండి, దాన్ని రోట్లో తొక్కి, పాకం పట్టి చేస్తారని ఓపిగ్గా చెప్పాడు. "మా నాన్న కూడా పొద్దున్నుంచి తొక్కాడు, లడ్డు రాలేదు" అన్నాడు మా వాడు. రెండు కిలోలు తీసుకున్నాం.

ఇంటికొచ్చాక కవర్లు తీసి చూస్తే సీట్లు అద్దంలా ఉన్నాయి. మా అమ్మ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడాన్ని వారం రోజులు భరించాను.

అంతా సర్దుకుందనుకుంటుండగా బుధవారం కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. మడ చెట్ల మధ్య సూర్యుడు, కింద లోతైన టైర్ల జాడలు. "సముద్రానికి ఎవరికీ తెలియని దారి. జాడ పట్టుకుని పోవడమే!" అని మా బావమరిది రాశాడు. దాని కింద తెనాలి పిన్ని, "ఆదివారం మేం కూడా వెళ్తున్నాం" అని పెట్టింది.

నేనేమీ రాయలేదు. ట్రాక్టరాయన నంబరు పంపి, పోటెక్కకముందే ఫోన్ చెయ్యమన్నాను.